రంగుల కాగితం ముందు తడబడని పిల్ల

ఈరోజు నేను ఒక పిల్లను అందరి ముందు దొంగను చేశాను. అదీ, ఆలోచించకుండా తేల్చేయడం గురించి పాఠం చెబుతూనే.

మిర్యాలగూడలో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. మెదడు కొన్ని పనులు మనల్ని అడగకుండానే చేసేస్తుంది, కొన్నిటికి ఆగి ఆలోచించాలి. అది చూపించడానికి ఒక కాగితం తయారు చేశాను. ‘ఎరుపు’ అని ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో, ‘నీలం’ అని పసుపుతో, అలా పేజీ నిండా రాశాను. మాట చదవకూడదు, రంగు చెప్పాలి. చదవడం అలవాటైన కళ్ళు మాట వినవు. ఒక్కొక్కరూ తడబడుతుంటే తరగతంతా నవ్వులు.

రైసు మిల్లులో బస్తాలు మోసే బిహారు కూలీ కూతురు మాత్రం ఒక్క తప్పు లేకుండా గడగడా చెప్పేసింది. పొద్దున హాజరు పట్టీ ఇవ్వడానికి స్టాఫ్ రూముకు వచ్చింది ఆమే. కాగితం అప్పుడు నా బల్ల మీదే ఉంది. నాకు ఇంకేం కావాలి?

“ముందే చూసి బట్టీ పట్టావు కదా?”

“లేదు సార్, ఒట్టు.”

“అబద్ధం సార్! గామె నోట్సు గూడ మాది సూసే రాస్తది,” అని వెనక బెంచీ నుంచి ఒకడు అరిచాడు.

అసలు సంగతి ఆ మాటలోనే ఉంది. నేను పట్టించుకోలేదు. అరచేతులు చూపించమన్నాను. ఏమీ లేదు. అయినా అనుమానం పోలేదు. గంట కొట్టేదాకా నిలబెట్టాను.

మధ్యాహ్నం అన్నం పళ్ళెంతో నా దగ్గరకు వచ్చింది.

“సార్, నాకు తెలుగు సదువరాదు. బోర్డు సూసి బొమ్మల లెక్క గీస్త. గందుకే రంగు ఒక్కటే కనవడ్డది. ఎవ్వరికి చెప్పకుండ్రి.”

మూడేళ్ళుగా మా బడిలో ఉంది. మాట్లాడితే మా కోదాడ వాళ్ళకంటే చిక్కటి తెలంగాణ తెలుగు. ఆమెకు చదవడం రాదని నాకెన్నడూ తట్టలేదు. మిల్లు కూలీ పిల్ల బాగా చెబితే మోసమని మాత్రం క్షణంలో తట్టింది.

చివరి పీరియడు అడిగి తీసుకున్నాను. “ఆమె కాగితం చూడలేదు. నేనే ఆలోచించకుండా నింద వేశాను. తప్పు నాది,” అన్నాను.

“మరి గట్లెట్ల చెప్పింది సార్?”

“నాకు తెలుసు. మీకు చెప్పను.”

కాగితం ఆమె చేతికిచ్చి, ఎదురుగా నిలబడి నేను రంగులు చెప్పాను. రెండో వరుసలోనే తప్పు చెప్పాను.

“మల్ల మొదటికెంచి, సార్,” అంది, నవ్వకుండా.

అందరూ వెళ్ళాక కోదాడ బస్సు వదులుకుని, ఆయమ్మ ఊడుస్తున్న వరండాలోనే ఆ పిల్లతో కూర్చున్నాను. అదే కాగితం. మొదటి మాట కూడబలుక్కోవడానికి చాలాసేపు పట్టింది. రేపటి నుంచి రోజూ అరగంట, ఆమె కూడా దాని ముందు తడబడేదాకా.