వారానికి ఒక్కటే వేసుకోవాల్సిన మాత్ర

మా అత్తగారు కడప నుంచి పుప్పాలగూడలోని మా ఫ్లాట్‌కొచ్చిన కొత్తలో కీళ్లవాతం మాత్రలు అయిపోయాయి. దగ్గర్లోని క్లినిక్ డాక్టర్ పాత చీటీ చూసి, రోజుకొకటని కొత్తది రాసిచ్చారు. పొద్దున్నే నేనే ఇచ్చేదాన్ని. పదో రోజుకు ఆవిడ నోరంతా పూసి, మజ్జిగ కూడా మింగలేకపోయారు. వేడి చేసిందనుకుని, పూతకు మందు కోసం చీటీ పట్టుకుని మెడికల్ షాపుకెళ్లాను.

"ఏందక్కా, ఇది వారానికొక్కటి వేసుకునే గోలీ! రోజూ ఇస్తున్నరా? జల్ది దవాఖానకు తీస్కపోండి!" అని అరిచింది షాపులో అమ్మాయి.

పరుగున ఇంటికెళ్లి ఆవిడను ఆటో ఎక్కించాను. ఆసుపత్రిలో రక్తం పరీక్షించి, తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయాయన్నారు. ఎనిమిది రోజులకు గండం గడిచింది.

తేరుకున్నాక అత్తగారన్న మాటకు అదిరిపడ్డాను.

"ఊర్లో ఆదివారమొక్కటే ఏసుకుంటాంటిమ్మా. డాక్టరు మార్చినాడేమోలే అని అడగల్యా."

నేనూ అడగలేదు. ఇప్పుడు మాత్రం వెనక ఎంతమంది నిలబడినా, డాక్టర్ చేత ఒక్కో మాత్రా చదివించుకున్నాకే కుర్చీలోంచి లేస్తాను.