మజ్జిగ చిలికే బొమ్మ

మా పిన్ని బాలాత్రిపురసుందరికి మ్యూజియం కూడా గుడి కిందే లెక్క. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచేది. చెయ్యి విరిగిన విష్ణుమూర్తికీ ముక్కులేని అమ్మవారికీ ఒకే శ్రద్ధగా దండం పెట్టేది. రాజమండ్రిలో ఒకసారి రాతి ద్వారపాలకుడికి ప్రదక్షిణం మొదలుపెడితే నాన్న సిగ్గుతో చచ్చిపోయారు. నాన్న సూర్యప్రకాశంగారు అమలాపురంలో సోషల్ మాస్టారు. వేసవి సెలవులకు లోకమంతా విశాఖపట్నం సముద్రం చూడబోతే, మేం ముగ్గురం పాత రాళ్ళూ రాగి నాణాలూ చూడ్డానికి బస్సులెక్కేవాళ్ళం. పులిహోర డబ్బా మోసే పని నాది. నాకు ఒళ్ళు మండిపోయేది.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు కాదు. నాకు రెండేళ్ళప్పుడు అమ్మ పోతే నాన్న చేసుకున్న రెండో భార్య. నన్ను పెంచింది ఆవిడే. అయినా అమ్మా అని పిలవనిచ్చేది కాదు. ఆ పిలుపు అక్కదట, అక్క వింటుందట. అక్క అంటే మా అమ్మ. కొత్త చీర ఏది కొన్నా కొంగుకు పసుపు పెట్టి, ముందు హాల్లో ఉన్న అమ్మ ఫోటో ఎదుట ఉంచి, తర్వాతే తను కట్టుకునేది. అంత చేసీ, వంటింట్లో గిన్నె జారిపడినా ఫోటో వైపు భయంగా చూసేది. కానీ పక్కింటి పిల్లలు అమ్మా అని కేకేస్తే చటుక్కున తల తిప్పేది ఎవరు? ఆవిడే. ఆ పిలుపు కోసం ఆవిడ ఎంత మొహం వాచి ఉందో నాకు తెలుసు. ఎలాగైనా ఒకసారి పిలిచి తీరాలని నాకుండేది.

తొంభై ఆరు వేసవిలో నాన్న మమ్మల్ని పెద్దాపురం అవతల ఒక పల్లెకు తీసుకెళ్ళారు. ఆయన స్నేహితుడు మాధవరాజుగారు అక్కడ తమ పాత లోగిలిలో వెనకటి సామాన్లతో మ్యూజియం పెట్టారు. చాలా ఏళ్ళ కిందట తను కూడా ఒక పెట్టెడు సామాను ఇచ్చానని, మా నాయనమ్మ కవ్వం అందులోదేనని నాన్న బస్సులో గొప్పగా చెప్పారు. మేం వెళ్ళేసరికి రాజుగారు ఊళ్ళో లేరు. కాపలా చూసే పాపాయమ్మ తలుపులు తీసింది. కరెంటు పోయి ఉంది.

పల్లకీలూ ధాన్యం కుంచాలూ దాటి చివరి గదిలోకి వెళ్ళాం. అడ్డంగా కట్టిన గొలుసుకు అవతల ఒక ఆడమనిషి పీట మీద కూర్చుని మజ్జిగ చిలుకుతోంది. నేను జడుసుకుని నాన్న చెయ్యి పట్టుకున్నాను. చూస్తే ప్లాస్టర్ బొమ్మ. కవ్వపు తాడు రెండు కొసలూ దాని చేతుల్లో ఉన్నాయి. గదిలో పీట మీదా కుండల మీదా వేలెడు దుమ్ము. బొమ్మ మీద మాత్రం లేదు.

"నేను తుడవనండి," అంది పాపాయమ్మ అడక్కుండానే. "ఆవిడ దగ్గరికెళ్ళాలంటే బయమండి."

పిన్ని బొమ్మ కట్టుకున్న చీర చూస్తోంది. మామిడిపిందెల అంచు, ఆకుపచ్చ చీర. అమ్మ రంగుల ఫోటోలో ఉన్నది అదే. ఇన్నేళ్ళుగా దాని ఎదుట చీరలు పెడుతున్న పిన్నికి అది మా అందరికంటే బాగా తెలుసు.

"అక్కదేనా?" అని అడిగింది.

నాన్న తలూపారు. పారేయడానికి మనసొప్పక పెట్టెలో వేసి ఇచ్చేశారట. బొమ్మకు కడతారని ఆయనకు మాత్రం ఏం తెలుసు?

పిన్ని గొలుసు దాటి వెళ్ళి బొమ్మ ఎదుట కూర్చుంది. జారిన కొంగు భుజం మీదికి సర్దింది. గొంతు తగ్గించి ఏదో చెప్పుకుంటూ పోయింది. మధ్యమధ్య ఆగి, జవాబు వింటున్నట్టు తలూపింది. నాన్న రెండుసార్లు పేరు పెట్టి పిలిచారు. పలకలేదు. ఇక లేచి రాదేమో, అక్కడే ఉండిపోతుందేమో అని నాకు భయం వేసింది.

"అమ్మా, వచ్చెయ్," అన్నాను.

పిన్ని తల తిప్పింది. ఆ మొహంలో అంత సంతోషం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. అప్పుడే కవ్వం కదిలింది. తాడు ఒక పక్కకు లాగినట్టయి, ఖాళీ కుండలో కవ్వం అర చుట్టు తిరిగి ఆగింది. కిటికీలు మూసే ఉన్నాయి. పాపాయమ్మ వాకిట్లోకి పరుగెత్తింది.

పిన్ని మొహంలో వెలుగంతా పోయింది. బొమ్మ వైపు తిరిగి చేతులు జోడించింది.

"నిన్నేనక్కా పిలిచింది. నన్ను కాదు."

లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి మంచులా ఉంది. బస్సులో నేను ఏడుస్తుంటే పులిహోర తినమని బతిమాలింది. ఇక మీదట ఆ మాట అనొద్దని ఒట్టు వేయించుకుంది. పెద్దదాన్నయ్యాక అదంతా ఎలకల పనేనని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను.

రెండువేల ఎనిమిదిలో పిన్ని కాకినాడ ఆసుపత్రిలో పోయింది. ఆఖరి రోజు మధ్యాహ్నం నేను ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, చెవి దగ్గరికి వంగి అమ్మా అని పిలిచాను. కళ్ళు తెరిచింది. నన్ను చూడలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూసి, పక్కకు జరిగి దారి ఇమ్మన్నట్టు నాకు చెయ్యి ఊపింది.