దిగవద్దన్న ముక్క

2011 డిసెంబర్ 26, సోమవారం. గోదావరిఖనిలోని ఒక భూగర్భ గనిలో మొదటి షిఫ్టుకు నాగా పెట్టినవారు ముప్పై ఏడుగురు. అంతకు ముందటి ఎనిమిది సోమవారాల సగటు ఇరవై ఆరు. ఎక్కువైన ఆ పదకొండు మంది ఎందుకు రాలేదో టైం ఆఫీసులో హాజరు రాసే అనసూర్యకు ఎనిమిది గంటలకల్లా తెలిసిపోయింది. ఆ సంగతి నవ్వుతూ చెప్పింది పక్క కుర్చీలో కూర్చునే గట్టయ్య.

"నీ ముక్కే అక్క. దిగొద్దన్నవట."

అనసూర్యకు అప్పటికి నలభై ఒక్క ఏళ్లు. గనిలో పనిచేసిన భర్త జబ్బుతో పోయాక, వారసత్వంగా ఆమెకు ఆ ఉద్యోగం రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో బంధువులు ఆమెను తొమ్మిది మంది దగ్గరికి తిప్పారు. సోది చెప్పినవాళ్లు, గవ్వలు వేసినవాళ్లు, చిలుకతో చీటీ తీయించినవాళ్లు. ఉద్యోగం వస్తుందని ఐదుగురు, రాదని నలుగురు అన్నారు. తెలియదని ఒక్కరూ అనలేదు. ఆమెకు కోపం తెప్పించింది ఆ ఒక్కటే.

ఉద్యోగం వచ్చి కుదురుకున్నాక, చౌరస్తా దగ్గర ఖైజర్ నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో, విదేశాల్లో జోస్యానికి వాడే టారో పేకముక్కల బొమ్మలు చూసింది. డెబ్బై ఎనిమిదింటినీ అచ్చు తీయించి లామినేషన్ చేయించుకుంది. 2007 డిసెంబర్ 2న, ఒక ఆదివారం, తెలుగులో బ్లాగు మొదలుపెట్టింది. వారానికి ఒక ముక్క తీసి, ఆ బొమ్మలో ఏముందో, దాన్ని చూసి మనిషి తన గురించి ఏమేం ఆలోచించుకోవచ్చో రాసేది. మధ్యమధ్య గవ్వల గురించీ, చిలుక జోస్యం గురించీ రాసేది. ప్రతి టపా చివరి వాక్యం మాత్రం ఒకటే: 'ముక్కకు రేపటి సంగతి తెలియదు.'

బ్లాగుకు 'ఆదివారం ముక్క' అని పేరు పెట్టడం ఆమె మొదటి పొరపాటు. మాంసం కూర ఎలా వండాలో వెతుక్కునేవాళ్లు నెలకు పది మందైనా అక్కడికి వచ్చిపడేవాళ్లు. కారం ఎంత వేయాలో రాయలేదని ఒకాయన తప్పుపట్టాడు కూడా. గని కుటుంబాల మీద నేను చేస్తున్న అధ్యయనం కోసం బ్లాగు కింద పడ్డ వ్యాఖ్యలన్నీ వర్గీకరించి చూశాను. పదింటిలో ఏడు, ఉద్యోగం ఎప్పుడొస్తుంది, వారసుడికి ఉద్యోగం ఇప్పించే మెడికల్ అన్‌ఫిట్ అవుతుందా, ఏ బొగ్గుబాయికి బదిలీ చేస్తారు అన్న ప్రశ్నలే. అన్నింటికీ ఆమె ఓపికగా ఒకే జవాబు రాసింది: తెలియదు. అడిగినవాళ్లే మళ్లీ మరుసటి వారం అడిగారు.

గని కార్మికుల్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు తక్కువ. ఖైజర్ ఆమె మీద అభిమానంతో ప్రతి ఆదివారం టపాను అచ్చు తీసి దుకాణం అద్దానికి అంటించేవాడు. ఒక్క కాగితమే అంటించేవాడు. చివరి వాక్యం ఎప్పుడూ రెండో కాగితంలోకి పోయేది. ఆ ఒక్క వాక్యం కోసం రెండో కాగితం ఎందుకని అతని వాదన. ఆ ఒక్క వాక్యం కోసమే మిగతాదంతా రాస్తున్నానని ఆమె నాలుగేళ్లుగా చెబుతూనే ఉంది.

డిసెంబర్ 25న పెట్టినది రెండు వందల పదమూడో టపా. ముక్కలో కళ్లకు గంతలు కట్టుకుని, రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకున్న స్త్రీ ఉంది. అనసూర్య ఇలా రాసింది: 'ఈ వారం తొందరపడి దేనిలోకీ దిగవద్దు.' తగాదాల్లోకి, పందేల్లోకి అని ఆమె ఉద్దేశం. కానీ బొగ్గుబాయి ఊళ్లో దిగడానికి ఒకటే అర్థం.

పదకొండు మందిలో పది మందికి ఒక రోజు నాగా పెద్ద లెక్క కాదు. పదకొండోవాడు సదయ్య. ఇరవై ఆరేళ్ల బదిలీ వర్కరు; అంటే పర్మినెంటు కార్మికుడు రాని రోజునే అతనికి పని దొరుకుతుంది. పర్మినెంటు కావాలంటే ఏడాదిలో నూట తొంభై మస్టర్లు, అంటే హాజరీలు, పడాలి. ఆ ఏడాది సకల జనుల సమ్మెలో నెలకు పైగా గని నడవలేదు. ఆ రోజులు లెక్కలోకి వస్తాయో రావో ఎవరికీ తెలియదు. సదయ్యకు నూట ఎనభై నాలుగు పడ్డాయి. మిగిలిన పని దినాలు ఆరు. వాటిలో మొదటిదానికి అతను రాలేదు.

గట్టయ్య చేతిలో పరిష్కారం సిద్ధంగా ఉంది. సదయ్య పేరు ఎదుట ఒక హాజరు గీత గీస్తే అయిపోతుందన్నాడు. అనసూర్య ఒప్పుకోలేదు. దిగని మనిషిని దిగినట్టు రాస్తే, లోపల ఏదైనా జరిగిన రోజు లేని మనిషి కోసం ఉన్న మనుషులు వెతుకుతారు. అయితే నాగా గీత కూడా ఆమె వెంటనే గీయలేదు. సదయ్య రెండో షిఫ్టుకు వచ్చినా ఆ రోజు మస్టరు పడుతుంది. అద్దం మీది కాగితం చదివి నాగా పెట్టేవాళ్లు రెండో షిఫ్టులోనూ ఉంటారు కాబట్టి, బదిలీ వర్కరుకు ఖాళీ తప్పక దొరుకుతుంది. తన రాతకు అంతకన్నా మంచి ఫలితం ఆశించలేనని తిట్టుకుంటూ, మధ్యాహ్నం ఒకటిన్నరకు సీటు గట్టయ్యకు అప్పగించి బయలుదేరింది.

సదయ్య ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మంలో అతని తల్లి లింగవ్వ కూర్చుని ఉంది. తాను రాసింది తగాదాల గురించని అనసూర్య వివరించింది. రెండోసారి కూడా వివరించింది. లింగవ్వ విని, మూడేళ్ల కిందట తన మరిది ఇలాంటి సోమవారమే దిగి కాలు పోగొట్టుకున్న సంగతి గుర్తుచేసింది.

"నిన్న నువ్వే దిగొద్దంటివి, గిప్పుడు నువ్వే దిగుమంటివి. ఏ మాట పట్టుకోవాలె బిడ్డా?"

"లొల్లిలకు దిగొద్దన్న అవ్వ. బాయిల కాదు."

"గట్లనే రాయద్దా అక్క," అన్నాడు సదయ్య లోపలి నుంచి. "మన దగ్గర దిగుడంటే ఇంకేం ఉంటది?"

అనసూర్య ముక్కకు రేపటి సంగతి తెలియదని చెప్పి చూసింది. అలాంటి మాట తాము ఎక్కడా చదవలేదన్నారు. గడియారంలో రెండు దాటింది.

అప్పుడామె సంచిలోంచి ముక్కలు తీసింది. ఒక్క మనిషి కోసం, ఒక్క పని కోసం నాలుగేళ్లలో ఆమె ఎప్పుడూ ముక్క తీయలేదు. కలిపి, ఒకటి లాగి, తనవైపే తిప్పుకుని చూసింది. బోర్లా పడి ఉన్న మనిషి. వీపులో పది కత్తులు. కట్టలో అంతకంటే చెడ్డ బొమ్మ లేదు.

"ఏమొచ్చిందే?" అని లింగవ్వ మెడ చాచింది.

"చేతిల దీపం పట్టుకున్న ముసలాయన," అంటూ అనసూర్య ముక్కను కట్టలోకి తోసేసింది. "దిగుమంటుండు."

దీపం అనగానే సదయ్య చొక్కా వేసుకున్నాడు. రెండున్నరకు టైం ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఖాళీలు పద్నాలుగు ఉన్నాయి.

నాటి సాయంత్రం నుంచి తానేం తిన్నదో ఏం చేసిందో అనసూర్యకు గుర్తులేదు. మంగళవారం ఉదయం ఏడు గంటలకు, రిజిస్టరులో అతను పైకి వచ్చిన సమయం చూశాకే కుర్చీలో కూర్చుంది. శనివారం నాటికి సదయ్యకు నూట తొంభై నిండాయి.

ఆ మరునాడు, జనవరి 1న, రెండు వందల పద్నాలుగో టపా వచ్చింది. దిగవద్దన్న మాటకు వివరణ ఇచ్చింది. ఒక ఇంట్లో ముక్క చూసి అబద్ధం చెప్పానని కూడా రాసింది. చివరి వాక్యాన్ని మొదటికి మార్చింది, ఖైజర్ కత్తెరకు అందకుండా. కింద పదహారు వ్యాఖ్యలు పడ్డాయి. అబద్ధం గురించి ఎవరూ అడగలేదు. తమ ఇంటికి ఎప్పుడు వచ్చి ముక్క తీస్తుందని పదమూడు మంది అడిగారు.

సోమవారం పొద్దున డ్యూటీకి పోతూ ఆమె ఇంటర్నెట్ సెంటర్ అద్దం ముందు ఆగింది. కాగితం మొదటి వరుసలో, పెద్ద అక్షరాల్లో, 'ముక్కకు రేపటి సంగతి తెలియదు' అని ఉంది. దాని పక్కన ఎవరో పెన్నుతో రాశారు:

'మరి సదయ్యకెట్ల చెప్పింది?'