బండ కింద వేసే పరుపు

కరోనాకు ముందటి సంవత్సరం, తమిళుల మాసి నెలలో, చలి తగ్గే రోజుల్లో, నాకు ఆ ఆర్డరు వచ్చింది. అప్పుడు నేను తుడియలూరులో ఒక పరుపుల అంగడిలో హెడ్ కుట్టుమనిషిని. నా కింద ఇద్దరు ఆడవాళ్ళు. చదివింది మూడో క్లాసు, అదీ తమిళంలో. అయినా పరుపును చేత్తో ఒత్తి ఎన్నాళ్ళు వస్తుందో చెప్పేదాన్ని. ఎవరైనా మారు మాట్లాడితే నోరు మూయించేదాన్ని కూడా.

అడిగింది ఎస్తేరు. పంపుల వర్క్‌షాపులో లేత్ నడిపే మా ఎదురింటాయన కూతురు. తాడు లేకుండా బండలెక్కే ఆటలో, అంటే బౌల్డరింగ్‌లో, దేశమంతా పేరున్న పిల్ల. బండ మిద్దెంత ఎత్తే ఉంటుంది గాని, పడితే కింద వేసిన పరుపే దిక్కు. పాత పరుపు చీకిపోయి ఆమె చీలమండ బెణికి, అప్పుడే మానింది. వచ్చే నెల ఇండియా టీము సెలక్షను. ఇంకోసారి కాలు మడతపడితే ఆ ఏడు పోయినట్టే.

"పైన గట్టిది, కింద మెత్తది పెట్టవ్వా" అని చెప్పి పోయింది.

నాకు నవ్వొచ్చింది. మెత్తదాన్ని అడుగున దాచుకొని ఎవరు పడుకుంటారు? బిడ్డ తెలియక తిప్పి చెప్పిందనుకొని నా పద్ధతిలోనే కుట్టాను. కింద కినత్తుకడవు ఊరి కొబ్బరి పీచు, పైన తేని ఊరి నుంచి వచ్చే బూరుగు దూది. మా పక్క దాన్ని ఇలవంపంజు అంటాము. దూది జరగకుండా అక్కడక్కడా గుండీ కుట్టు వేశాను.

ఎస్తేరు వచ్చి పిడికిలితో గుద్దింది. చెయ్యి పీచు దాకా దిగింది.

"ఏమవ్వా, పెండ్లికూతురికి కుట్టినావా?"

"నా పరుపు మీద ఎవరికీ నొప్పి రాలేదే. చూడు" అని, చెప్పులు అరుగుతాయని విడిచిపెట్టి, కట్టింగ్ టేబులు ఎక్కి దూకాను. పంజు పక్కకు తప్పుకొని నాకు దారిచ్చింది. నా మడమ పోయి సిమెంటు నేలను పలకరించింది.

"అయ్యో! ఆసుపత్రికి పోదుమా అవ్వా?"

"సుమ్మా ఉండే, ఏమీ కాలేదు. ముందు కత్తెర తే."

కూర్చున్న చోటే కుట్టు విప్పాను. పడేవాళ్ళ బరువంతా ఒక్కచోట దిగుతుందని, పైన గట్టి పొర దాన్ని పరిస్తే కింద మెత్తది నిదానంగా మింగుతుందని ఎస్తేరు విడమరిచి చెప్పింది. పంపుల ప్యాకింగుకు వాడే గట్టి ఫోము ముక్కలు వాళ్ళ నాయన తెచ్చాడు. అతికించి పైన వేశాము, కింద మెత్తని ఫోము. గుడ్డ మాత్రం కొత్తది కోయనివ్వలేదు, విప్పినదే మళ్ళీ తొడిగాను.

ఈసారి ఎస్తేరు దూకింది. మొదట టేబులు మీదినుంచి, తరువాత బండ మీదినుంచి. పడిన ప్రతిసారీ కాలు నిలిచింది. టీములో చోటు దొరికిందని చెప్పి స్వీటు తెచ్చిన రోజున, అందుకోవడానికి నేనే కుంటుతూ లేచాను.

పంజు వృథా పోలేదు. దిండు కుట్టి వాచిన మడమ కింద పెట్టుకున్నాను.

పరుపు కుట్టేముందు అది దేనికని అడగాలి, అడిగాక చెప్పింది వినాలి. మొదటిది పనిలో చేరిన రోజే నేర్చుకున్నాను. రెండోది రిటైరు కాబోయే ముందు, మడమతో.