కొండప్పను వీధికి అలవాటు చేసిన రోజులు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. మామ కుక్కను రోజూ నడిపించే పనికి నేను ఒప్పుకున్నది ధైర్యం ఉండి కాదు, కుక్కల మీద ప్రేమతోనూ కాదు. అంత పెద్ద కుక్క పక్కన ఉంటే దారిలో నన్నెవరూ పలకరించరని. ఇంట్లోవాళ్లు మాత్రం పిరికిదనుకున్న పిల్లకు ఎంత గుండె ఉందో అని మురిసిపోయారు. ఆ మురిపెం నేను చెడగొట్టలేదు.

ఈ ఉదయం కుప్పంలో ఆఫీసుకు నడిచి వెళ్తుంటే అదంతా గుర్తొచ్చింది. నా ముందు ఒక కాలేజీ అమ్మాయి దూడంత కుక్కను పట్టుకుని పోతోంది. టీ అంగడి ముందు పడుకున్న వీధికుక్క లేచి గుర్రుమంది. అంగడాయన ఆ అమ్మాయికి సాయం చేద్దామని రాయి కోసం వంగాడు. అంతే, నా కుడిచేయి దానంతటదే బిగుసుకుంది. ఆ అమ్మాయి కుక్క అటు చూడనైనా చూడకుండా సాగిపోయింది గానీ, నా మనసు మాత్రం మదనపల్లెలో మా పాత వీధికి వెళ్లిపోయింది.

డిగ్రీ అయిపోయి, ఉద్యోగం ఇంకా రాక, మేడమీద గదిలో పుస్తకాలు చదువుకుంటూ, వాటి గురించి డైరీలో రాసుకుంటూ, ఇంటికి ఎవరైనా వస్తే మెట్ల మధ్యలోనే ఆగిపోయే రోజులవి. అమ్మ తమ్ముడు, అంటే మా మామ, పుంగనూరు దగ్గర పొలం కౌలుకు తీసుకుని టమోటా పండించేవాడు. పెళ్లి చేసుకోలేదు. తోటలో తోడంటూ ఉన్నది కొండప్ప ఒక్కడే. నల్లగా, నా నడుమెత్తు ఉండే ఆ కుక్కను మామ ఎన్నడూ 'అది' అనేవాడు కాదు కాబట్టి, నాకూ ఈనాటికి 'వాడు' అనే వస్తుంది. మోటారు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, కౌలు వదులుకుని మామ మా ఇంటికి వచ్చాడు. వెనకాలే టమోటా బాక్సుల టెంపోలో కొండప్పా వచ్చాడు.

మనుషుల దగ్గర వాడంత మర్యాదస్తుణ్ని నేను చూడలేదు. ఇంకో కుక్క కనబడినప్పుడే వచ్చేది చిక్కు. ఒక్కోసారి పక్కనుంచే పోయినా ఊరుకునేవాడు, ఒక్కోసారి వీధి చివర ఉన్నదాని మీదికి కూడా నన్ను ఈడ్చుకుపోయేవాడు. గొలుసు బిగించి పట్టుకో పాపా అని మామ వరండాలో కుర్చీలోంచి అరిచేవాడు, నేను బిగించేకొద్దీ వాడు ఇంకా లాగేవాడు.

ఒక పొద్దున ఎదురింటామె, వరసకు అత్త అని పిలిచేవాళ్లం, వాకిట్లో ముగ్గు వేస్తోంది. ఆమె అన్నం పెట్టి సాకే వీధికుక్క పక్కనే పడుకుని ఉంది. నేను గేటు దాటానో లేదో కొండప్ప దాని మీదికి దూకాడు. కుక్క తప్పించుకుని పారిపోయింది, ముగ్గుపిండి గిన్నె దొర్లిపోయింది, నేను ముగ్గు మధ్యలో మోకాళ్ల మీద పడ్డాను.

"ఇది కుక్కా, దున్నపోతా? సూడమ్మా, ముగ్గంతా ఎట్ల తొక్కేసినాదో!" అని అత్త వీధంతా వినబడేలా అరిచింది. నాన్న బయటికొచ్చి ఆమెకు సర్దిచెప్పి, లోపలికి వచ్చి మామతో, "ఇంకొక్కసారి ఇట్ల జరిగితే దీన్ని కలకడలో మా స్నేహితుడి మామిడితోటకి తోలేస్తా. నువ్వేమీ అనుకోవద్దప్పా" అన్నాడు. మామ సరేనన్నట్టు తల ఊపాడు. ఆ మధ్యాహ్నం రాగిసంగటి ముట్టుకోలేదు. కట్టు కట్టిన ఆయన కాలి పక్కన గడ్డం నేలకానించి కొండప్ప కూడా గిన్నె వైపు చూడలేదు.

ఆయన చేత ఏదో ఒకటి మాట్లాడిద్దామని సాయంత్రం తోట కబుర్లు అడిగాను. ఎండాకాలంలో ఊరకుక్కలు నీళ్ల కోసం వచ్చి డ్రిప్పు పైపులు కొరికేసేవట. మామ రాయి కోసం వంగితే చాలు, ఆ రాయి కంటే ముందు కొండప్ప పోయేవాడట. చెబుతూ చెబుతూ ఆయన ముఖం వెలిగింది. నాకు మాత్రం పొద్దుటి ముగ్గు కళ్ల ముందుకొచ్చింది. పొద్దున అత్త వంగే ఉంది. అంతకుముందు పాలాయనా, ఇస్త్రీబండి ఆయనా, వీధికుక్కను అదిలించడానికి ఎవరో ఒకరు వంగుతూనే ఉన్నారు. వాడికి కోపం కాదు, డ్యూటీ!

మరునాటి నుంచి కొంగుకు సంగటి ముద్దలు కట్టుకుని, టమోటా లారీలు ఆగే ఖాళీ స్థలానికి వాణ్ని తీసుకెళ్లాను. అక్కడ కుక్కలు ఎంతో దూరంగా, చిన్నగా కనబడేవి. గొలుసు వదులుగా పట్టుకుని, వాడు ఒక కుక్కను చూసి మళ్లీ నా వైపు తిరిగినప్పుడల్లా ఒక చిన్న ఉండ పెట్టేదాన్ని. కొన్నాళ్లకు కాస్త దగ్గరికి జరిగాం. ఆ తర్వాత నేనే వంగి నేల తాకి, వాడు కదలకముందే ఉండ అందించేదాన్ని. మనిషి వంగితే పరుగెత్తాల్సిన పని లేదు, సంగటి వస్తుంది అని వాడి బుర్రకు ఎక్కేదాకా.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. నేను వంగితే ఆగుతున్నాడు సరే, మిగతా వీధి సంగతి? ఎదురింటి అత్త ముగ్గు వేసే వేళకు గేటు దాకా వెళ్లి, చెప్పాల్సిన మాటలు లోలోపల అల్లుకుని, గడియ తీయకుండానే తిరిగొచ్చిన పొద్దులు ఎన్నో. నాన్న కలకడకు ఫోన్ చేస్తుండగా విన్న రోజున మాత్రం కొండప్పను ఇంట్లోనే ఉంచి, సంగటి గిన్నె పట్టుకుని రోడ్డు దాటి, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

అత్త నడుం నిటారు చేసి నన్ను ఎగాదిగా చూసింది. "అబ్బ, నీకు నోరుండాదా పాపా! ఇన్నేండ్లూ మూగదేమో పాపం అనుకుంటి గదా. ఇప్పుడు నీ దున్నపోతుకి నేను సంగటి తినిపించాల్నా?"

నేను తలదించుకున్నాను.

"యాల ఏడుపు మొగం? తే, ఆ గిన్నె ఈడ పెట్టు."

ఆమె ముగ్గుకు వంగినప్పుడల్లా ఒక ఉండ మా వైపు విసిరేది. మొదట రోడ్డుకు ఇవతల నుంచి, తర్వాత నడిమధ్య నుంచి, చివరికి ఆమె వాకిలి పక్క నుంచే నడిచాం. ఒకరోజు ఆమె వంగి ఉంది, ఆమె కుక్క పక్కనే ఒళ్లు విరుచుకుంటోంది. కొండప్ప దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మెల్లగా కూర్చున్నాడు. గుమ్మంలో పేపరు చదువుతున్న నాన్న తల ఎత్తలేదు గానీ, కలకడ మాట మళ్లీ ఆ ఇంట్లో వినబడలేదు.

కాలు బాగయ్యాక మామకు పుంగనూరులో ఎరువుల అంగట్లో పని దొరికింది, కుక్కలు నిండిన ఒక వీధిలో గది తీసుకుని కొండప్పను వెంట తీసుకెళ్లాడు. నాకు కుప్పంలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు కుక్కలకు నడక నేర్పడానికి ఫోను నిండా వీడియోలున్నాయి, ఎదురింటి గడప ఎక్కాల్సిన అవసరం లేదు. చాలా వాకిళ్లలో ముగ్గు కూడా అంటించే స్టిక్కరే, ఎవరూ వంగరు. ఇవాళ నేను ఎవరితోనైనా జంకు లేకుండా మాట్లాడగలను, తీరా చూస్తే వీధిలో ఆగి మాట్లాడే తీరిక ఎవరికీ లేదు.

నిరుటి వానల్లో మామ పోయాడు, ఆ తర్వాత కొండప్ప కూడా ఎక్కువ కాలం లేడు. ఆసుపత్రిలో చేరే ముందు ఒక సాయంత్రం మామ ఫోన్ చేశాడు. వెనకాల కుక్కల రభస వినబడుతుంటే, నాకు పాత భయం లేచి, మనవాడు గానీ కొట్లాడుతున్నాడా అని అడిగాను. మామ దగ్గుతూనే నవ్వాడు. "మొరిగేటివన్నీ బయటివే పాపా. మనోడు నా కాళ్లకాడ పండుకోనుండాడు."