చివరి పేజీలు లేని ఓడ

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మా నాయన ఒక లాడ్జి చూసుకునేవాడు. వెనకవైపు రెండు గదుల్లో మా కాపురం. యాత్రికులు ఖాళీ చేసిపోయాక పరుపుల కింద దొరికేవన్నీ నావే. దువ్వెనలు, రిబ్బన్లు, పాత వారపత్రికలు. నాకు పదేళ్లప్పుడు అట్లా దొరికిందే ఆ బొమ్మల కథ పుస్తకం.

నడిసముద్రంలో దారి తప్పిన పెద్ద ఓడ. చుట్టూ పొగమంచు. తెల్లారేసరికి ఏదో ఒక గదిలో ఒక శవం. చంపేవాడు ప్రయాణికుల్లోనే ఉన్నాడు. వాడెవడో చెప్పే చివరి పేజీలు మాత్రం ఏ మహానుభావుడో పొట్లాలు కట్టుకోవడానికి చించుకుపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

సముద్రం నేను చూడలేదు గానీ, పొడుగాటి వరండా, నంబర్లు వేసిన తలుపులు, లోపల ముక్కూమొహం తెలియని జనం మా దగ్గరా ఉన్నారు. హంతకుణ్ణి నేనే పట్టుకుందామని లాడ్జిలో కాపు కాయడం మొదలుపెట్టాను. గుండు మీద చందనం పూసుకుని నవ్వేవాళ్లను కూడా నమ్మలేదు. పుస్తకంలో నా అనుమానమంతా తెల్లకోటు డాక్టరు మీద. పిల్లలు కనబడితే చాలు, మిఠాయి పెట్టేవాడు. ఊరికే ఎవరు పెడతారు?

అప్పుడే ఐరాల వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ఒంటరిగా వచ్చినవాళ్లకు మా ఊర్లో గది దొరకదు. తలుపేసుకుని ఏం చేసుకుంటారోనని లాడ్జీలవాళ్ల భయం. నాయన కూడా ముందు కుదరదన్నాడు. మొక్కు తీర్చుకుని మర్నాడే పోతానని ఆయన బతిమాలేసరికి, మన పక్క మనిషే కదా అని తాళంచెవి ఇచ్చాడు.

నాకు మాత్రం ఆయన వాలకం నచ్చలేదు. కొండకు పోయివచ్చిన మధ్యాహ్నం ఆయన నన్ను పిలిచి, లడ్డూ పొట్లం అట్లే చేతిలో పెట్టి, తల నిమిరి, గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. డాక్టరు దొరికిపోయాడు. పొట్లం ఒంటికి తగలకుండా చేయి చాచి పట్టుకుని నాయన దగ్గరికి పరిగెత్తాను.

“నాయనా, దీంట్లో విషం ఉండాది. ఆ రూములో ఆయప్ప ఇచ్చినాడు.”

నాయన పడీపడీ నవ్వాడు. ఓడ కథ ఆయనకు కంఠతా వచ్చేలా చెప్పి ఉన్నాను, నా అనుమానాలకు రోజూ అట్లే నవ్వేవాడు. నవ్వుతూనే పొట్లం విప్పాడు. లడ్డూ అంచు కూడా విరగలేదు. నాయన నవ్వు ఆగిపోయింది.

“అంతా నీకే ఇచ్చేసినాడా? ఊరికి ఎత్తుకొని పోవల్ల గదా, ఇంట్లోవాళ్లకు?”

కొండ దిగినవాళ్లు పిల్లలకు ఒక పలుకు విరిచి పెడతారు. తక్కినది ఇంటికీ, ఇరుగుపొరుగుకూ దాచుకుంటారు. లడ్డూకు కొదవలేని ఊర్లో పెరిగిన నాకు ఆ సంగతి తోచలేదు. నాయన అప్పటికే వరండాలో ఉన్నాడు.

తలుపు తట్టి, మామూలు గొంతుతోనే పిలిచాడు.

“అప్పా, అన్నం తిందాం రా. నువ్వొచ్చేదాకా నేనూ తినను.”

నాయన గడప ముందే చతికిలబడి, వానల గురించీ, బెల్లం ధర గురించీ మాట్లాడుతూ పోయాడు. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. ఆయన వెనక, కిటికీ గట్టు మీద పురుగులమందు సీసా ఉంది. మూత ఇంకా తీయలేదు. నాయన దాన్ని తీసి పంచె మడతలో దోపుకున్నాడు.

బావి ఎండిపోయి చెరుకంతా మాడిపోయిందట. మా వంటింట్లో తలొంచుకుని అన్నం కలుపుతూ ఆయన ఏడ్చాడు. అంత పెద్ద మగమనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు. నాకూ ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే నాయన తోడుగా బస్సెక్కి, ఆయన్ను అన్నదమ్ముల చేతిలో పెట్టి వచ్చాడు.

ఆ తర్వాత కూడా నేను వరండాలో కాపు కాస్తూనే ఉన్నాను. నాయన మాత్రం నవ్వడం మానేశాడు. పొద్దుగూకే వేళ నా పక్కన వచ్చి కూర్చుని, మెల్లగా అడిగేవాడు.

“ఈ పొద్దు నీకు ఎవరి మింద అనుమానం పాపా?”

నేను ఏ తలుపు చూపిస్తే ఆ తలుపు తట్టి, తాగడానికి నీళ్లేమైనా కావాలా అని అడిగి వచ్చేవాడు.