మా అమ్మాయి బి గ్రేడుకి నేను చేసిన ఇంప్రూవ్‌మెంట్

బంగారం లాంటి మార్కులను పాడుచేయడానికి చెడ్డ విద్యార్థి అక్కర్లేదండీ. ప్రేమగల తండ్రి ఒకడుంటే చాలు. ఆ తండ్రి గుంటూరులో ఇంటర్ చదివినవాడైతే పని ఇంకా త్వరగా అయిపోతుంది. ఆ తండ్రిని నేనే. డాక్టరు కావాలనుకున్న మా హారికను మెడికల్ స్కూల్ అడ్మిషన్స్ కమిటీ ముందు నా చేతులతో నేనే ఎలా ముంచానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్ళు ఎప్పుడో నవ్వేశారు. నాకే ఇంకా సరిగ్గా నవ్వు రావడం లేదు.

మేముండేది అమెరికాలో, నేపర్‌విల్‌లో. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హారిక ఇక్కడే పుట్టి పెరిగింది. ఇక్కడ డాక్టరు చదువంటే ఒక పరీక్ష రాశాం, ఒక ర్యాంకు వచ్చింది, సీటు దొరికింది అన్నట్టు ఉండదు. ముందు డిగ్రీ చదవాలి. తర్వాత కమిటీవాళ్ళు కూర్చుని అన్ని కోర్సుల గ్రేడులూ చూస్తారు. కష్టమైనవి తీసుకుందా, ఏటేటా మెరుగుపడిందా, రోగుల మధ్య ఎప్పుడైనా పనిచేసిందా అని ఆరా తీస్తారు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసింది ఒక్కటే. మార్కు తగ్గితే ఇంప్రూవ్‌మెంట్ రాయాలి.

తెలియనివారికి చెబుతాను. మా రోజుల్లో ఇంటర్ మొదటి ఏడాది మార్కులు నచ్చకపోతే రెండో ఏడాది ఆ పరీక్ష మళ్ళీ రాసుకునేవాళ్ళం. ఎక్కువ వచ్చిన మార్కే నిలిచేది, పాతదాన్ని అడిగే నాథుడే ఉండేవాడు కాదు. నేను ఫిజిక్సు అలాగే రాసి, బొటాబొటి నుంచి బంధువులకు చెప్పుకోగలిగే స్థాయికి ఎదిగాను. అప్పటినుంచి దేవుడి మీదకన్నా ఇంప్రూవ్‌మెంట్ మీదే నాకు గురి ఎక్కువ.

హారిక కాలేజీలో రెండో ఏడు పూర్తిచేసి ఇంటికొచ్చిన శనివారం నేను దోశలు పోస్తున్నాను.

"ఆర్గానిక్ కెమిస్ట్రీలో బి వచ్చింది నాన్నా," అంది, బయట వాన పడుతోందన్నంత మామూలుగా.

నా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "మిగతావన్నీ?"

"అన్నీ ఏ."

"మరి ఈ బి ఏంటమ్మా?"

"సో వాట్ నాన్నా? ఆ కోర్స్ చాలా హార్డ్."

"కమిటీవాళ్ళు ఈ బి చూస్తే?"

"చూస్తారు. చూసి నెక్స్ట్ లైన్‌కి వెళ్తారు."

ఆ పిల్ల అక్కడికక్కడే సత్యం చెప్పేసింది. వినే చెవులు నాకుంటే ఈ కథే ఉండేది కాదు.

"మళ్ళీ రాసెయ్యి. ఇంప్రూవ్‌మెంట్."

"ఇక్కడ అలా ఉండదు నాన్నా. రెండు గ్రేడ్‌లూ కౌంట్ అవుతాయి. ఫస్ట్‌ది పోదు."

"ఏ దేశంలోనైనా ఎక్కువ వచ్చిందే చూస్తారమ్మా. వాళ్ళూ మనుషులే కదా!"

మా ఆవిడ సుజాతది వరంగల్. కొబ్బరి చట్నీ గిన్నె బల్లమీద ఠక్కున పెట్టింది. "ఊకె ఎందుకు సతాయిస్తున్నరు పిల్లను? కాలేజ్‌ల అడ్వైజర్ ఉన్నది కదా, ఆమెను అడగనియ్యండి."

"ఆవిడకేం తెలుసు? ఆవిడెప్పుడైనా ఇంప్రూవ్‌మెంట్ రాసిందా?"

ఈలోగా దోశ మాడిపోయింది. శకునం కూడా నాకు అర్థమయ్యే భాషలోనే చెప్పింది, నేనే వినలేదు.

హారిక కాలేజీలో బి వచ్చిన కోర్సు మళ్ళీ తీసుకోనివ్వరట. అంత మంచి నిబంధన పెట్టినవాళ్ళకు దండం పెట్టాల్సింది పోయి, మా ఊరి దగ్గర ఒక చిన్న కాలేజీలో అదే కోర్సు వేసవిలో చెబుతారని నేనే వెతికి పట్టుకొచ్చాను. చిక్కల్లా ఏమిటంటే, ఆ వేసవి హారిక ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేస్తానని మాటిచ్చింది. పిల్లల దగ్గరికొచ్చిన తెలుగు పెద్దవాళ్ళు ఇన్సూరెన్స్ లేక అక్కడికొస్తారు. వాళ్ళ బాధ డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పడం, డాక్టరు మాట వాళ్ళకు తన ముద్దుముద్దు తెలుగులో చెప్పడం దాని పని. కిందటి సెలవుల్లోనూ కొన్నాళ్ళు వెళ్ళింది. అప్పుడు ఒక మామ్మగారైతే హారిక చెబితే తప్ప బీపీ మాత్ర వేసుకునేవారు కాదు.

"క్లినిక్ ఎక్కడికి పోతుందమ్మా? వచ్చే ఏడాదీ ఉంటుంది," అన్నాను.

"కెమిస్ట్రీ కూడా ఉంటుంది నాన్నా."

ఇంత చక్కటి జవాబుకు ఎవరైనా నోరు మూసుకుంటారు. నేను మూసుకోలేదు. కారులో చెప్పాను, కూరగాయల కొట్టులో చెప్పాను, ఆఫీసులో మీటింగ్ మధ్యలో మెసేజ్ పెట్టి మరీ చెప్పాను. చివరికి ఒకరోజు అది నా మొహంలోకి చూసి, "నేను ఇది చేస్తే నీకు నిద్ర పడుతుందా?" అని అడిగింది.

"హాయిగా పడుతుంది."

"ఓకే. అయితే చేస్తా."

క్లినిక్ మానేసి ఆ కోర్సు చదివింది. ఏ వచ్చింది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారే, ఆ రోజు ఆ కుందేలు మా సోఫాలో నా పక్కనే కూర్చుని మైసూరుపాకు తిన్నది. ఊళ్ళో తెలిసినవాళ్ళందరికీ పంచాను. "చూశారా, మన పద్ధతే పద్ధతి," అని ఎగిరాను.

తర్వాత అప్లికేషన్లు వెళ్ళాయి. ఒకదాని వెనక ఒకటి తిరిగొచ్చాయి. ఒక్కచోట ఇంటర్వ్యూకి పిలిచారు. ఇంటికి దగ్గర, హారిక అన్నిటికన్నా ఎక్కువగా కోరుకున్న స్కూలు. వాళ్ళూ కాదన్నారు. అయితే అడిగితే కారణం ఫోన్ చేసి చెప్పే మంచి అలవాటు వాళ్ళకుంది. ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను కారు నడుపుతున్నాను, హారిక పక్కన ఉంది. దాని ఫోన్ కారుకు కలిపి ఉండటంతో కారంతా ఆ అడ్మిషన్స్ ఆవిడ గొంతే. ఆవిడ ఇంగ్లీషులో అన్నది మీకు తెలుగులో చెబుతాను.

"మీ రికార్డు బాగుంది. ఆ బి మాకు అడ్డమే కాలేదు. ఆ తర్వాత అంతకన్నా కష్టమైన కోర్సుల్లో ఏ తెచ్చుకున్నారు. మాకు కావలసింది అదే."

నా ఛాతీ కాస్త పొంగింది. ఎందుకు పొంగిందో దానికే తెలియాలి.

"కానీ పాసైన కోర్సు మళ్ళీ ఎందుకు చదివారో కమిటీకి అర్థం కాలేదు. దానికోసం క్లినిక్ కూడా వదిలేశారు. రోగులకన్నా గ్రేడే ముఖ్యమా అన్న సందేహం వచ్చింది. ఇంటర్వ్యూలో అడిగితే మీరు సరిగా చెప్పలేదు. అలా చేయమని ఎవరైనా సలహా ఇచ్చారా?"

హారిక నా వైపు చూడలేదు.

"నో," అంది. "ఇట్ వాజ్ మై డిసిషన్."

అయ్యో రామా! భూమి చీలితే బాగుండుననిపించింది. హైవే మీద అది ప్రమాదమని ఊరుకున్నాను. ఫోన్ పెట్టేశాక కారు నేరుగా పోనిస్తూనే ఉన్నాను.

"ఎగ్జిట్ మిస్ అయ్యావు నాన్నా."

"అలా ఎందుకు చెప్పావే?"

"మరేం చెప్పాలి? మా నాన్న ఇంటర్‌లో ఫిజిక్స్ మళ్ళీ రాశాడనా?"

నవ్వబోయాను, ఏడుపొచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు. ఇక్కడ గోరు కూడా అక్కర్లేదు. నేనే గొడ్డలి కొనుక్కొచ్చి, సానపట్టి, పిల్ల చేతికిచ్చి, నరుకు నరుకు అని వెంటపడ్డాను. పోనిద్దూ నాన్నా అని అది అంటుంటే ఇంకా సిగ్గేసింది. నా భయానికి దాని బతుకులో ఒక ఏడాది పోయింది. ఆ ఏడాదిని ఏ ఇంప్రూవ్‌మెంటూ తిరిగి తేలేదు.

ఆ ఏడాదంతా హారిక క్లినిక్‌లోనే పనిచేసింది. మామ్మగారు అప్పటికే ఇండియా వెళ్ళిపోయారు. "ఇప్పుడు మాత్రలు ఎవరు చెబితే వేసుకుంటున్నారో," అని అది ఒకటి రెండుసార్లు అనడం విన్నాను. నేను గదిలోంచి బయటికి రాలేదు.

మళ్ళీ అప్లై చేసింది. అదే స్కూలు, అదే ప్రశ్న. ఈసారి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పిందట. "మా నాన్న భయపడ్డారు. ఆయన భయం తగ్గుతుందని అక్కర్లేని పరీక్ష రాశాను. రేపు ఒక పేషంట్ ఇంట్లోవాళ్ళు భయపడి అక్కర్లేని పరీక్షలు చేయమంటే, చేయను. పక్కన కూర్చుని మాట్లాడతాను."

సీటిచ్చారు. నా మూర్ఖత్వం ఎక్కడైనా పనికొచ్చిందంటే ఆ ఒక్క వాక్యానికే.

కాబట్టి మొన్న ఆదివారం, హారిక హాస్టల్ నుంచి వీడియో కాల్‌లో చూస్తుండగా, అట్లకాడ సాక్షిగా నేను కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాను. "నా బొందిలో ప్రాణమున్నంతవరకూ ఏ తల్లి కన్నబిడ్డ గ్రేడూ అడగను, సలహా ఇవ్వను, ఇంప్రూవ్‌మెంట్ అన్న మాట నోటితో పలకను!"

సుజాత తలెత్తకుండా అంది. "ఇదే ప్రమాణం ఉగాదికి కూడ చేసిండ్రు. మరునాడే పక్కింటి పిల్లగానికి కెమిస్ట్రీ మళ్ళ తీసుకోమని చెప్పిండ్రు."

"అది సరిగ్గా కుదరలేదే," అన్నాను. "అందుకే మళ్ళీ చేస్తున్నాను. ఈసారిదే లెక్క."

ఫోన్‌లోంచి హారిక గొంతు వినిపించింది.

"నాన్నా, రెండూ కౌంట్ అవుతాయి."